గోల్కొండ సంపద నడిచిన బాట మనదే
మూడున్నర శతాబ్దాల క్రితమే దేశదేశాలతో ముడిపడిన సూర్యాపేట ప్రాంతం

సూర్యాపేట: హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ, మచిలీపట్నం సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై నేడు లారీలు బారులు తీరుతున్నాయి. రాజధాని గోల్కొండను బందరు రేవుతో కలిపిన కుతుబ్‌షాహీల నాటి వర్తక మార్గం కూడా ఈ ప్రాంతం మీదుగానే సాగింది.

క్రోసుల లెక్కన మజిలీలు

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1676లో ప్రచురించిన యాత్రా గ్రంథంలో ఈ మార్గాన్ని వివరించాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నగా వెళితే 100 క్రోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా వెళితే 112 క్రోసులు. తాను ఎక్కువగా రెండో దారినే ఎంచుకున్నట్లు రాశాడు. అతడు పేర్కొన్న మజిలీల్లో ‘పెంగెల్’ నల్లగొండ చెంతనున్న పానగల్లును తలపిస్తుంది. ‘నాగెల్‌పర్’, ‘లకబరోన్’ అనే పేర్లు పెన్‌పహాడ్ మండలంలోని నాగులపాడుకు, హుజూర్‌నగర్ వైపున్న లక్కవరానికి దగ్గరగా ఉన్నాయి. ఆ తర్వాతి మజిలీయే కొల్లూరు.

పోయిన సరుకు.. వచ్చిన సరుకు

బందరు రేవు నుంచి పెగూ, సయాం, సుమత్రా, హోర్ముజ్, మక్కా వైపు ఓడలు బయలుదేరేవి. డచ్చి వారు 1605లో, ఆంగ్లేయులు 1611లో అక్కడ అడుగు పెట్టారు. యూరపు ప్రజలు కోరిన లవంగాలు, జాజికాయ, జాపత్రి తూర్పు దీవుల్లో పండేవి. ఆ దీవుల వారు వాటికి బదులుగా కోరింది కోరమాండల్ తీరపు బట్టలు. అందుకే తెలుగు నేతగాళ్ల మగ్గం ప్రపంచ వాణిజ్యానికి ఆయువుపట్టు అయింది. అద్దకపు బట్టలు, నీలిమందు, ఉక్కు, వజ్రాలు ఇక్కడి నుంచి తరలిపోగా సుగంధ ద్రవ్యాలు, జపాను రాగి, తగరం, చైనా పింగాణీ, వెండి, బంగారం దిగుమతి అయ్యేవి.

దేశం లోపల ధాన్యం, ఉప్పు వంటి నిత్యావసరాలను బంజారాలు ఎద్దులపై పెరికలు వేసి మోసేవారు. వేలాది ఎద్దులతో కదిలే ఈ బిడారులను టావెర్నియే ప్రత్యేకంగా ప్రస్తావించాడు.

కూలీకి మిగిలింది మూడు వరహాలు

సూర్యాపేట జిల్లాకు దక్షిణ సరిహద్దుగా ఉన్న కృష్ణకు ఆవలి ఒడ్డున కొల్లూరు గనిలో సుమారు 60 వేల మంది పనిచేసేవారని టావెర్నియే అంచనా. పురుషులు తవ్వితే స్త్రీలు, పిల్లలు మట్టి మోసేవారు. మరో వజ్రాల గనిలో అనుభవజ్ఞుడైన కూలీకి సైతం ఏడాదికి మూడు వరహాలే దక్కేవని అతడు రాశాడు. రాజుల కిరీటాలకు చేరిన రాళ్లను వెలికితీసిన వారిలో ఒక్కరి పేరైనా ఆ గ్రంథంలో లేదు.

వెలుగు తగ్గిన రేవు

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. కాలక్రమంలో వర్తకం మద్రాసు వైపు మళ్లింది. 1864 నాటి తుపానులో బందరులో సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

బియ్యం మిల్లులతో పేరొందిన మిర్యాలగూడ, లారీలతో నిత్యం రద్దీగా ఉండే కోదాడ, సూర్యాపేట నేడు కూడా వర్తకంపైనే బతుకుతున్నాయి. గని ఇక తిరిగి రాదు. కనీసం మజిలీ గ్రామాల్లోని పాత బావులు, సత్రాలు, శిథిలాల వివరాలనైనా పెద్దల జ్ఞాపకం చెదిరిపోకముందే నమోదు చేయవలసి ఉంది.