తామర పద్దులో దిద్దుబాట్లు

"మీ డాక్టర్లు పదేళ్ళకోసారి మాట మారుస్తారు. మన వైద్యం వేల ఏళ్ళుగా ఒకే మాట మీద ఉంది" అంటారు భిలాయిలో నాతో వాకింగ్‌కి వచ్చే మిత్రులు ఒకాయన. ఆయన మనవడికి అటోపిక్ డెర్మటైటిస్. చలికాలం పొడిగాలికి మోచేతి మడతలు రక్తం వచ్చేలా గోకుతాడు.

నేను జీవితమంతా లెక్కలు చూసినవాణ్ణి. పద్దు తప్పని తేలితే దిద్ది, తేదీ వేసి సంతకం పెట్టేవాళ్ళం. ఒక్క దిద్దుబాటూ లేని లెడ్జరును చూస్తేనే నాకు అనుమానం.

ఈ జబ్బుకి ఆ పేరు పెట్టింది 1933లో వైజ్, సుల్జ్‌బర్గర్ అనే వైద్యులు. అప్పట్లో కోల్‌తారు పూసేవారు. (మన ప్లాంటు కోక్ ఓవెన్లలో వచ్చే తారే, మందుకి శుద్ధి చేస్తారంతే.) 1952లో అదే సుల్జ్‌బర్గర్, విటెన్‌తో కలిసి హైడ్రోకార్టిజోన్ పూత పనిచేస్తుందని చూపించారు. ఏ లక్షణాలుంటే ఈ జబ్బు అనాలో హనిఫిన్, రాజ్కా జాబితా ఇచ్చింది 1980లో. అది లేనిదే ఒక ఆసుపత్రి ఫలితాన్ని మరోదానితో పోల్చడం కుదరదు.

నాకు బాగా నచ్చిన దిద్దుబాటు ఇది. చర్మానికి గోడలా పనిచేసే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. అయితే పుట్టగానే రోజూ మాయిశ్చరైజర్ రాస్తే జబ్బే రాదు కదా? తర్కం చక్కగా ఉంది. బ్రిటన్‌లో 1394 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. 2020లో ఫలితం వచ్చింది: రెండేళ్ళ వయసుకి రాసినవాళ్ళలో 23 శాతానికి, రాయనివాళ్ళలో 25 శాతానికి జబ్బు వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. జబ్బు ఉన్నవాళ్ళకి మాయిశ్చరైజర్ తప్పనిసరే, అది వేరే విషయం.

స్టెరాయిడ్ మాత్రలు ఆపగానే జబ్బు మళ్ళీ ఎగదన్నుతుంది. అందుకే అమెరికా చర్మవైద్యుల సంఘం 2024 మార్గదర్శకాల్లో వాటిని వద్దంది. పూత స్టెరాయిడ్లు మాత్రం డాక్టరు చెప్పినట్టు వాడితే ఇప్పటికీ మంచి మందే.

మనకున్న చిక్కు భాషలో ఉంది. దీన్నీ తామరే అంటాం, ఫంగస్ వల్ల వచ్చే రింగ్‌వర్మ్‌నీ తామరే అంటాం. రెండోదానికి స్టెరాయిడ్ పూస్తే దురద తగ్గినట్టే ఉండి ఫంగస్ పాకుతుంది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. మర్నాడు మిత్రుణ్ణి ట్యూబు తెమ్మన్నాను. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపినది. చీటీ ఏదంటే, "తామర అంటే షాపతనే ఇచ్చాడండీ" అన్నారు.