ఇంజనీరు చదువు, పనితనం – చరిత్ర చెప్పే పాఠం

మన సొసైటీ సంచికకు చదువుల గురించి నాలుగు మాటలు వ్రాయమని పెద్దలు అడగగానే మాకు ఒక అబ్బాయి గుర్తుకొచ్చాడు. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా మా దగ్గరే లెక్కలు నేర్చుకొన్నాడు. బి.టెక్. ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. ఫీజుల కోసం తండ్రి ఇంట్లో నగలు తాకట్టు పెట్టాడు. తీరా ఇంటర్వ్యూలో ఒక మోటారు చూపించి, ఇది ఎందుకు వేడెక్కుతున్నదో ఎలా కనిపెడతావు అని అడిగితే నోట మాట రాలేదట. "సార్, సూత్రం తెలుసు, మోటారు విప్పి చూసింది లేదు" అన్నాడు మాతో. ఈ లోపం పిల్లవాడిదా, చదువుదా? మేము చరిత్ర వైపు చూశాము.

మన దేశంలో ఇంజనీరు చదువు పని కోసమే పుట్టింది. భూములు కొలిచేవారు కావలసి 1794లో మద్రాసులో సర్వే పాఠశాల పెట్టారు. నేటి గిండీ కాలేజీకి మూలం అదే. తరువాత ఉత్తరాన గంగా కాలువ త్రవ్వకానికి మనుషులు చాలక 1847లో రూర్కీలో కాలేజీ తెరిచారు. అక్కడ సర్వే, లెవెలింగు, ప్లాన్ డ్రాయింగు దేశభాషలో నేర్పే తరగతి కూడా ఉండేది. ఊరి ప్రక్కనే సోలానీ నది మీదుగా కాలువను దాటించే కట్టడం లేస్తున్నది. పాఠం ఇక్కడ, పని అక్కడ. మధ్యన దూరం లేదు. 1854లో కాలువకు నీళ్ళు వదిలారు.

మన హైదరాబాదు సంగతి కూడా అటువంటిదే. 1908 మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మంజీర మీద నిజాం సాగర్‌ను నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923 నుండి 1931 వరకు కట్టారు. ఆ పనులు జరుగుతున్న రోజుల్లోనే, 1929లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కాలేజీ మొదలైంది. అప్పట్లో ఉస్మానియాలో బోధన ఉర్దూలో. పుస్తకాల కోసం 1917లోనే అనువాద శాఖ పెట్టారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఉర్దూలో చదివితే ఇంజనీరు కాలేడు అనే మాట నిజం కాదని దీనివల్ల తేలుతున్నది. అయితే ఈనాడు ఉద్యోగమిచ్చేవాడితో ఇంగ్లీషులో మాట్లాడక తప్పదు. అది వేరే నేర్చుకోవాలి.

కాలేజీలు పెరిగినకొద్దీ చదువుకూ పనికీ ఎడం వచ్చింది. ప్రభుత్వం కూడా దీన్ని గమనించకపోలేదు. 1961లో అప్రెంటిస్ చట్టం చేసి, 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులను కూడా అందులో చేర్చారు. 1990ల తరువాత మన రాష్ట్రంలో కాలేజీలు వందల్లో లేచాయి. వాటి ప్రక్కన అన్ని కార్ఖానాలు లేవలేదు. 2018లో ఎ.ఐ.సి.టి.ఇ. మాదిరి పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది. మంచిదే. కాని పిల్లవాడు పనిలోకి దిగకుండా సర్టిఫికెట్టు మాత్రం తెచ్చుకొంటే ఏమి లాభం?

ఉద్యోగమిచ్చేవాడు అడిగేవి పెద్ద బ్రహ్మవిద్యలు కావు. డ్రాయింగు చదవాలి. కొలత సరిగ్గా తీయాలి. లోపం ఎక్కడుందో వెదకాలి. చేసిన పని అర పేజీలో వ్రాయాలి. తెలియనిది తెలియదని చెప్పి, నలుగురితో కలిసి పనిచేయాలి.

ఇక మా అబ్బాయి సంగతి. వాడి చాచా ముప్పై ఏళ్ళుగా మోటారు వైండింగు చేస్తున్నాడు. చదువు పాడవుతుందని తండ్రి వాడిని ఆ దుకాణం మెట్లు ఎక్కనివ్వలేదు! ఇల్మ్ ఒక గదిలో, హునర్ ఇంకో గదిలో, మధ్య తలుపుకు మనమే గొళ్ళెం పెట్టుకొన్నాము. మన ఇళ్ళలో లేత్, వెల్డింగు, వైరింగు తెలిసిన చేతులు ఎన్ని లేవు! వాటిని చూసి సిగ్గుపడి పిల్లలను దూరం పెడుతున్నాము.

ఇప్పుడు వాడు సాయంత్రాలు చాచా దగ్గర కూర్చుంటున్నాడు. కాలిన చుట్ట ఎందుకు కాలిందో చాచా చేత్తో చూపిస్తే, వీడు లెక్క కట్టి చెబుతున్నాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. కాని మొన్న మాతో మాట్లాడినప్పుడు గొంతులో వెనుకటి బెదురు లేదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. కాలేజీలో చేర్చేముందు ఫీజు ఎంత అని అడిగినట్టే, వర్క్‌షాపు తలుపు వారానికి ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో కూడా అడగండి. సెలవుల్లో పిల్లవాడి చేతికి కాస్త గ్రీజు అంటనివ్వండి.