గోల్డ్‌బర్గుల ఇంటి కిటికీ

అమెరికన్ టెలివిజన్ హాస్య ధారావాహికల చరిత్రలో మొదట వినిపించే పేరు లూసిల్ బాల్. కానీ ఆమె బుల్లితెర మీదికి రాకముందే ఆ ప్రక్రియకు పునాది వేసిన స్త్రీ మరొకరున్నారు. ఆమె గెర్ట్రూడ్ బెర్గ్. తన ధారావాహికను తానే రాసి, తానే నిర్మించి, తానే ప్రధాన పాత్ర ధరించిన ఈ నటిని నేటి ప్రేక్షకులు దాదాపుగా మరచిపోయారు.

1899 అక్టోబర్ 3న న్యూయార్క్‌లోని ఒక యూదు కుటుంబంలో ఆమె జన్మించింది. అసలు పేరు టిల్లీ ఎడెల్‌స్టైన్. తండ్రి కాట్స్‌కిల్ కొండల్లో వేసవి విడిది హోటల్ నడిపేవాడు. ముసురు పట్టిన రోజుల్లో అతిథులకు కాలక్షేపం కోసం టిల్లీ చిన్న చిన్న నాటికలు రాసి ఆడేది. ఆ ఇంట్లో ఒక విషాదమూ ఉంది. ఆమె సోదరుడు పసితనంలోనే డిఫ్తీరియాతో మరణించాడు. తల్లి ఆ దుఃఖం నుంచి ఎన్నటికీ కోలుకోలేదు. చివరికి మానసిక చికిత్సాలయానికి చేరింది. ఎంత కష్టమొచ్చినా చెదరని మాలీ గోల్డ్‌బర్గ్ అనే తల్లి పాత్రను సృష్టించినది అటువంటి తల్లికి పుట్టిన కూతురే.

1929 నవంబర్ 20న ఎన్‌బీసీ రేడియోలో ‘ది రైజ్ ఆఫ్ ది గోల్డ్‌బర్గ్స్’ ప్రారంభమైంది. అప్పటికి షేర్ మార్కెట్ కుప్పకూలి మూడు వారాలే అయింది. బ్రాంక్స్‌లోని ఒక అద్దె ఇల్లు, బట్టల వ్యాపారంలో ఉన్న భర్త జేక్, ఇద్దరు పిల్లలు, ఒక వృద్ధ బంధువు: కథంతా ఇంతే. కిటికీలోంచి తల బయటపెట్టి పొరుగావిడను కేకేసి పిలిచే మాలీ, యూదులు కాని శ్రోతలకు కూడా పక్కింటి పిన్నిగారైంది. ఆ హాస్యం లోకం నుంచి మొహం తిప్పుకున్నది కాదు. జర్మనీలో యూదుల మీద దాడులు జరిగిన కొన్ని నెలలకే, 1939లో, పాస్‌ఓవర్ పండుగ ప్రార్థన సాగుతుండగా గోల్డ్‌బర్గుల ఇంటి అద్దాన్ని ఒక రాయి పగలగొట్టే ఘట్టం ఆమె రాసింది.

1949 జనవరిలో ఈ కుటుంబం సీబీఎస్ టెలివిజన్‌కు వచ్చింది. జేక్ పాత్రధారి ఫిలిప్ లోబ్, నటుల సంఘంలో చురుకైన కార్యకర్త. 1950 జూన్‌లో ‘రెడ్ ఛానెల్స్’ అనే చిన్న పుస్తకం వెలువడింది. కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ రేడియో, టెలివిజన్ రంగాలకు చెందిన 151 మంది పేర్లను అందులో అచ్చువేశారు. విచారణ లేదు, తీర్పు లేదు. జాబితాలో లోబ్ పేరుంది. తాను కమ్యూనిస్టును కానని ఆయన చెప్పినా వినేవారు లేకపోయారు.

ఆయనను తొలగించమని ప్రాయోజక సంస్థ జనరల్ ఫుడ్స్ పట్టుబట్టింది. బెర్గ్ నిరాకరించింది. 1951లో ఉత్తమ నటిగా ఎమ్మీ పురస్కారం అందుకున్న ఆమె కార్యక్రమం అదే ఏడాది సీబీఎస్‌లో ఆగిపోయింది. ఆ అక్టోబర్‌లో అదే సంస్థలో ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది.

లోబ్ ఉన్నంతకాలం కొత్త ప్రాయోజకుడు దొరకలేదు. మిగిలిన నటుల, సిబ్బంది జీవనోపాధి కూడా ఆమె మీదే ఆధారపడి ఉంది. చివరకు లోబ్ పరిహారం తీసుకుని తప్పుకున్నాడు. 1952లో మరో జేక్‌తో గోల్డ్‌బర్గులు ఎన్‌బీసీలో తిరిగి కనిపించారు. లోబ్‌కు మాత్రం పనులు అరుదైపోయాయి. మానసిక వ్యాధిగ్రస్తుడైన కుమారుని ప్రైవేటు వైద్యశాలలో ఉంచే స్థోమత పోయింది. 1955 సెప్టెంబర్ 1న న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

బెర్గ్ లొంగిపోయిందా? ఆ కాలంలో ఎందరో నిర్మాతలు మొదటి టెలిఫోన్ పిలుపుకే నటులను వదిలేశారు. ఆమె నెలల తరబడి నిలబడింది, కార్యక్రమాన్నే పోగొట్టుకుంది, ఆ తరువాతే తలవంచింది. అది ఓటమే. అయితే ఆ ఓటమికి ఆమెను ఒక్కదాన్నే బాధ్యురాలిని చేస్తే, జాబితా అచ్చువేసినవారూ, దానికి భయపడి డబ్బు ఆపినవారూ సులువుగా తప్పించుకుంటారు.

1959లో ‘ఎ మెజారిటీ ఆఫ్ వన్’ నాటకానికి టోనీ పురస్కారం పొందిన బెర్గ్, 1966 సెప్టెంబర్ 14న మరణించింది. పదేళ్ల తరువాత వచ్చిన ‘ది ఫ్రంట్’ చిత్రంలో లోబ్‌ను తలపించే పాత్రను ఆయన మిత్రుడు జీరో మోస్టెల్ ధరించాడు. మోస్టెల్ కూడా ఒకప్పుడు నిషిద్ధుల జాబితాలో ఉన్నవాడే. నవ్వించేవారి చరిత్రను పురస్కారాల వరుసగా మాత్రమే రాస్తే, ఖాళీ అయిన జేక్ కుర్చీ అందులో ఎక్కడా కనిపించదు.