ఇంగ్లండులో ఆసుపత్రుల పంపకము

వైద్యము ఉచితమని శాసనము చేసినంత మాత్రమున అది ప్రజలందఱికి సమానముగా అందునా? ఇంగ్లండు దేశపు ఆసుపత్రుల చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది. 1946 నాటి చట్టము ననుసరించి, 1948 జూలై 5వ తేదీన ఆ దేశమున జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమయ్యెను. ధనికుడు గాని పేద గాని రుసుము చెల్లింపకయే ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చునని ప్రభుత్వము ప్రకటించెను. హక్కు ఆనాడే దేశమంతటను ఒక్కటియయ్యెను. పడకలు, వైద్యులు, నర్సులు మాత్రము ఎచ్చటివారచ్చటనే యుండిరి.

ఈ అసమానత ఎట్లేర్పడెనో తెలియవలెనన్న 1948కి పూర్వపు స్థితిని చూడవలెను. అప్పుడు ఆసుపత్రులు రెండు విధములుగా నుండెను. మొదటివి దాతల విరాళములతో నడచునవి. రెండవవి పురపాలక, జిల్లా సంస్థల యాజమాన్యమున నున్నవి. వీనిలో పెక్కు పూర్వము నిరుపేదలకై కట్టిన పనియిండ్ల నుండి పుట్టినవే. దాతలు ఆసుపత్రిని తమ యూరనే కట్టుదురు గాని రోగులు ఎక్కువగా నున్న యూర వెదకి కట్టరు గదా! అందుచే పాత సంపద గల నగరములకు గొప్ప ఆసుపత్రులు లభించెను. బొగ్గుగనుల పల్లెలకును, నూలుమిల్లుల పట్టణములకును చిన్నవి, పాతవి మిగిలెను.

వైద్యుల విషయమున మఱియొక కారణము కలదు. దాతల ఆసుపత్రులలో పనిచేయు శస్త్రవైద్య నిపుణులలో పెక్కురు అచట జీతము పుచ్చుకొనెడివారు కారు. పేదలకు ఉచితముగా చికిత్స చేసి, ధనికులు సొంతముగా ఇచ్చు రుసుముపై జీవించెడివారు. కావున ధనికులెచ్చట నుందురో నిపుణులును అచ్చటనే కాపుర ముండిరి. పారిశ్రామిక పట్టణములలో అనేక శస్త్రచికిత్సలను సామాన్య వైద్యులే చేయవలసి వచ్చెను.

ఈ స్థితిని దేశమునకు తెలియజేసినది యుద్ధము. 1939లో వైమానిక దాడుల భయముచే ప్రభుత్వము అత్యవసర వైద్య సేవను ఏర్పఱచి, లండను నగర వైద్యులను దూరపు ఆసుపత్రులకు పంపెను. అచటి పాతబడిన భవనములను, పరికరముల లేమిని వారు కన్నులార చూచిరి. యుద్ధకాలముననే ఆసుపత్రుల సర్వే ప్రారంభమై, ఆ నివేదికలు 1945 నాటికి వెలువడసాగెను. పడకలు చాలవనుట మాత్రమే గాక, ఉన్నవి ఉండదగిన చోట లేవనియు ఆ నివేదికలు తేల్చెను.

1948లో ప్రభుత్వము ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2,700 ఆసుపత్రులను, 4,80,000 పడకలను స్వాధీనము చేసికొనెను. వానితోపాటు శస్త్రచికిత్సకు, ఇతర చికిత్సలకు వేచియున్న సుమారు అయిదు లక్షల మంది పేర్ల పట్టికయు దానికి సంక్రమించెను. ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ స్వయముగా వేల్సు బొగ్గుగనులలో పనిచేసినవాడు. ఆయన దేశమును పదునాలుగు ప్రాంతములుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక మండలిని నియమించెను. నిపుణ వైద్యులకు ప్రభుత్వమే జీతమిచ్చు పద్ధతి ఏర్పడెను. దీనివలన కలిగిన మేలు చిన్నది కాదు. ధనికులైన రోగులు లేని పట్టణమునను శస్త్రవైద్యుడు, మత్తుమందు నిపుణుడు కాపురముండి జీవించుట సాధ్యమయ్యెను.

ఐనను డబ్బు పంచు పద్ధతి మాఱలేదు. క్రిందటి సంవత్సరము ఎంత ఖర్చయ్యెనో దానిపై కొంత చేర్చి ఇచ్చుటయే ఆనవాయితీ అయ్యెను. పడక లున్నచోట నర్సులును వైద్యులును ఉందురు. వారి జీతములకు డబ్బు వలయును. ఆ ఖర్చును చూపి మఱుసటి యేడు మఱల డబ్బు వచ్చును. పడకలే లేనిచోట ఖర్చును లేదు. ఖర్చు లేదు గనుక రాబడియు లేదు. ఈ విధముగా పాత దాతల పంపకమే ప్రభుత్వ పంపకముగా నిలిచిపోయెను.

భవనముల సంగతియు అట్లే యుండెను. 1956లో గిల్‌బో సంఘము ఇచ్చిన నివేదిక ప్రకారము నూటికి 45 ఆసుపత్రులు 1891కి పూర్వము కట్టినవి. 1962లో ఆరోగ్యమంత్రి ఈనాక్ పవెల్ ఒక ఆసుపత్రుల ప్రణాళికను ప్రకటించెను. వేయిమంది జనులకు 3.3 సాధారణ చికిత్స పడకలుండవలెననియు, 90 క్రొత్త ఆసుపత్రులు కట్టి 134 పాతవానిని చాలవఱకు పునర్నిర్మింపవలెననియు అందు సంకల్పించిరి. దేశమంతటికిని ఒకే కొలత నిర్ణయించుట మంచి యారంభమే గాని, నిర్మాణపు ఖర్చులు పెరుగుటచే పని అనుకొనినంత వేగముగా సాగలేదు.

పడకలు కట్టినను వైద్యులు వలయును గదా! వైద్యుల సంఖ్య అవసరమునకు మించిపోవునని భయపడి, విద్యార్థుల ప్రవేశములను సుమారు పదవవంతు తగ్గింపవలెనని 1957లో విల్లింక్ సంఘము సలహా నిచ్చియుండెను. కొద్ది సంవత్సరములలోనే కొఱత తలయెత్తెను. బోధనాసుపత్రుల ఉద్యోగములను స్వదేశీయులే కోరుకొనుచుండగా, ఉత్తరపు పారిశ్రామిక పట్టణములలోని ఉద్యోగములను, వృద్ధుల చికిత్స, మానసిక చికిత్స వంటి శాఖలను భారత, పాకిస్థాను దేశముల వైద్యులు నిలబెట్టిరి. వారిలో మన తెలుగునాట చదివినవారును కలరు. ఇచ్చట మఱియొక లెక్క గుర్తుంచుకొనదగినది. 1946 నాటి భోర్ సంఘపు నివేదిక ప్రకారము బ్రిటిషు ఇండియాలో వేయిమందికి పావు పడకయైనను లేదు. ఇంగ్లండులో ఏడు పడకలకు పైగా నుండెను. ఒక దేశములోని ప్రాంతముల లోటును తీర్చుటకు అంతకంటె లోటు గల దేశము తన వైద్యులను పంపెనన్న మాట.

1971లో వేల్సు గనుల పల్లెలో వైద్యము చేయుచున్న జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. రోగము ఎక్కువగా నున్నచోట మంచి వైద్యము తక్కువగా లభించుననియు, రోగము తక్కువగా నున్నచోట అది ఎక్కువగా లభించుననియు ఆయన చూపెను. దానికి 'విలోమ వైద్య న్యాయము' అని పేరు పెట్టవచ్చును.

ఈ లోపమును సరిదిద్దుటకు 1975లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1976లో ఇచ్చిన నివేదికలో ప్రశ్ననే మార్చివేసెను. ఇచ్చట పడకలెన్ని అని అడుగుట మాని, ఇచ్చట జనులెందఱు, వారిలో వృద్ధులెందఱు, స్త్రీలెందఱు, వయస్సునుబట్టి చూడగా మరణములు దేశపు సగటుకంటె ఎంత హెచ్చు అని అడిగెను. ఆ లెక్క ప్రకారము లండను చుట్టునున్న థేమ్సు ప్రాంతములకు వాటా ఎక్కువగాను, ఉత్తర, మధ్య ప్రాంతములలో పలువానికి తక్కువగాను వచ్చుచున్నదని తేలెను. ఎక్కువ పొందువారికి పెంపును తగ్గించి, తక్కువ పొందువారికి పెంచుచు పోగా, పదేండ్లు దాటునప్పటికి ప్రాంతముల మధ్య వ్యత్యాసము చాలవఱకు తగ్గెను. ఐతే లండనులో పడకలు మూసివేయవలసి వచ్చినప్పుడు అచటి పేదవాడల వారును నష్టపడిరి. ప్రాంతపు సగటు బాగుగా నున్నంతమాత్రమున అందలి ప్రతి వీథియు బాగుగా నుండదను సంగతి అప్పుడు తెలిసెను.

కొలతల విషయమున కొంత జాగ్రత్త అవసరము. ఇంగ్లండులో ఆసుపత్రి పడకలు 1987-88లో సుమారు 2,99,000 ఉండగా 2019-20 నాటికి సుమారు 1,41,000కు తగ్గెను. రోగులు ఆసుపత్రిలో గడపు దినములు తగ్గుటయు, మానసిక రోగులకు ఇంటికడ చికిత్స హెచ్చుటయు ఇందుకు కొంత కారణము. నిరీక్షణ పట్టిక సంగతియు అట్టిదే. నిపుణుడే లేని పట్టణమున రోగిని అతనికడకు పంపువారే ఉండరు. పట్టిక చిన్నదిగా కనబడును. దానిని చూచి అచట అందఱును ఆరోగ్యవంతులని భ్రమపడరాదు. పట్టిక పొడవైనచోట కొఱత పడకలదో, శస్త్రవైద్యునిదో, మత్తునిచ్చువానిదో, ఆపరేషను గదిలోని నర్సులదో విడదీసి తెలిసికొనవలెను. కోవిడ్ వ్యాధి ప్రబలిన తరువాత, 2023 సెప్టెంబరునాటికి ఇంగ్లండు పట్టికలో 77 లక్షలకు పైగా చికిత్సలు నిలిచియుండెను.

చట్టము హక్కు నిచ్చును. ఆ హక్కు రోగికి అందవలెనన్న వైద్యుడును, నర్సును, పడకయు అతడున్న చోటికి రావలెను. నిరుటి ఖర్చును చూచి డబ్బు పంచిన ఆ పని జరుగదు. జనులను, వారి రోగములను లెక్కించి పంచిన కొంతవఱకైనను జరుగును. ఈ సంగతి గ్రహించుటకు సంపన్నమైన ఇంగ్లండు దేశమునకే దాదాపు ముప్పది యేండ్లు పట్టినది. తమ జిల్లాలకు ఆసుపత్రులను, వైద్యులను పంచుకొనవలసిన దేశములన్నియు ఆ ముప్పది యేండ్ల అనుభవమును ఉపయోగించుకొనవచ్చును.