బాణపు కాడ

బాణంలో కొనన ఉండే ములికికి, వెనుక అల్లెత్రాడును పట్టి ఉంచే గాడికి మధ్యనున్న పొడవైన సన్నని భాగాన్ని బాణపు కాడ అంటారు. వెదురు, కొయ్య, అల్యూమినియం, కార్బన్ పోగులు దీని తయారీకి వాడే ప్రధాన పదార్థాలు. పదార్థం ఏదైనా, కాడ బిగువు వింటి బలానికి సరిపోయినప్పుడే బాణం గురికి చేరుతుంది. అందుచేత కాడ ఎంపికలో ఖరీదు కంటె ఈ పొందికే ముఖ్యం.

పేరు

తెలుగులో బాణానికి అమ్ము, తూపు, కోల, శరము మొదలైన పేర్లు కలవు. సంస్కృతంలో శర శబ్దానికి రెల్లుజాతి గడ్డి అనే అర్థం కూడా ఉన్నది. పూర్వం అటువంటి గడ్డి కాడలతో బాణాలు చేసేవారు. బాణం వెనుక ఈకలు కట్టిన భాగం పుంఖం. ఎడతెగక వచ్చేవాటిని పుంఖానుపుంఖాలు అనడం దీనినుండి వచ్చినదే.

ఉత్తరాంధ్రలో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మన్యంలో నివసించే సవరలకు విల్లంబులు తరతరాల పనిముట్లు. 1967-70 నాటి శ్రీకాకుళ గిరిజన పోరాటంలోనూ ఇవి కనిపించాయి. సవరలు ఎక్కువగా ఉండే సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. ఈ తూర్పు కనుమలలో సహజంగా పెరిగే సాధనపు వెదురు గట్టిది, లోపలి బోలు తక్కువ.

బిగువు

విడిచిన క్షణంలో బాణం కర్రవలె తిన్నగా పోదు. త్రాడు వెనుకనుండి తోయగా కాడ ఇటు అటు వంగుతూ, విల్లును తప్పించుకొని సాగి, కొంత దూరంలో నిలకడ పొందుతుంది. వ్రేళ్ళతో త్రాడు విడిచే కుడిచేతి విలుకానికి, మరీ బిగువైన కాడ ఎడమకు, మరీ మెత్తనిది కుడికి తొలగుతుంది.

ఈ గుణాన్ని క్రీడాకారులు స్పైన్ అంటారు. కాడను 28 అంగుళాల ఎడంగల రెండు ఆధారాలపై ఉంచి, నడుమ 1.94 పౌన్ల (సుమారు 880 గ్రాముల) బరువు వ్రేలాడదీసి, ఎంత క్రుంగినదో కొలుస్తారు. అర అంగుళం క్రుంగితే దాని స్పైన్ 500. అంకె తగ్గినకొద్దీ బిగువు ఎక్కువ. కాడ పొడవు గాని, ములికి బరువు గాని పెరిగితే అదే కాడ మెత్తనిదానివలె ప్రవర్తిస్తుంది.

పదార్థాలు

* వెదురు: తేలిక, చవక. పైపొరలో పీచు దట్టంగా ఉండి కాడకు బలమిస్తుంది. ముదిరిన వెదురును పొడికాలంలో నరికి నీడన ఆరబెడితే పుచ్చు తక్కువ. వంకరలను సెగ చూపి తీస్తారు. ఏ రెండు కాడలూ ఒకే బిగువుతో ఉండకపోవడం దీని లోపం. కనుక తూచి, వంచి చూసి జతపరచాలి.
* కొయ్య: చారలు ఈ కొననుండి ఆ కొనకు తిన్నగా సాగాలి. తేమకు వంకర పోతుంది. 1545లో మునిగిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన బాణాలలో ఎక్కువ పోప్లార్ కొయ్యవి.
* అల్యూమినియం: అమెరికాకు చెందిన డగ్ ఈస్టన్ 1939లో వీటి తయారీ మొదలుపెట్టాడు. కొలతలు కచ్చితంగా ఉంటాయి గాని, దెబ్బ తగిలితే వంగిపోతాయి. కాడపై 2117 అని ఉంటే, వెలుపలి వ్యాసం అంగుళంలో 21/64 వంతులు, గోడ మందం అంగుళంలో 17/1000 వంతులు అని అర్థం.
* కార్బన్: సన్నగా, తేలికగా ఉండి వేగంగా పోతుంది. వంగి ఉండిపోదు, విరుగుతుంది.

ఉపయోగాన్నిబట్టి ఎంపిక

ఒలింపిక్ విభాగమైన రికర్వ్‌లో 70 మీటర్లు, కాంపౌండ్‌లో 50 మీటర్ల దూరం ఉంటుంది. అక్కడ గాలి తాకిడి తగ్గడానికి సన్నని కార్బన్ కాడలు మేలు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కాంపౌండ్ విభాగంలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. 18 మీటర్ల ఇండోర్ పోటీలో గాలి ఉండదు. గీతను తాకిన బాణానికి ఎక్కువ అంకె ఇస్తారు కనుక లావు కాడలు లాభిస్తాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం వ్యాసం 9.3 మిల్లీమీటర్లు మించరాదు. భారతీయ విభాగంలో వెదురు విల్లు వాడతారు.

వేట అనుమతించే దేశాలలో, లోతుగా దిగడానికి బరువైన కాడలను ఎంచుకుంటారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం విల్లంబులను ఆయుధాలలో చేర్చి, కొద్ది మినహాయింపులతో వన్యప్రాణుల వేటను నిషేధించింది.

జాగ్రత్తలు

కార్బన్ కాడను ప్రయోగానికి ముందు కొద్దిగా వంచి, చిటపట శబ్దం వస్తుందేమో వినాలి. పగులున్న కాడ విడిచే సమయంలో చీలి, పోగులు చేతిలో దిగగలవు. వెదురు, కొయ్య కాడలలో పగుళ్ళు, పుచ్చు చూడాలి. మరీ పొట్టి కాడ పూర్తిగా లాగినప్పుడు వింటి వెనుకకు జారి చేతికి గుచ్చుకోగలదు. మరీ తేలికైన బాణం వింటినే దెబ్బతీస్తుంది. లాగుడు బలం ఒక్కొక్క పౌనుకు కనీసం 5 గ్రెయిన్ల బాణం బరువు ఉండాలని సాధారణ సూత్రం. అనగా 40 పౌన్ల వింటికి 200 గ్రెయిన్లు, సుమారు 13 గ్రాములు.

ఇవి కూడా చూడండి

* విలువిద్య
* సవరలు
* వెదురు