గద్ది కుక్క: ఒక తెగ తయారు చేసుకున్న కాపలాదారు



గ్రూప్స్‌కి, ఇతర పరీక్షలకి చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కరెంట్ అఫైర్స్‌లో ఈ బిట్ చూసే ఉంటారు. 2025 జనవరిలో జాతీయ స్థాయిలో రిజిస్టర్ అయిన నాలుగో దేశీ కుక్క జాతి ఏది? జవాబు గద్ది. ఒక్క మార్కు. టిక్ పెట్టేసి పక్క బిట్‌కి వెళ్ళిపోతాం. కానీ గద్ది అనేది ముందు ఒక తెగ పేరు, ఆ తర్వాతే కుక్క పేరు. హిమాచల్ ప్రదేశ్‌లో గొర్రెలు, మేకలు కాసుకునే మన లాంటి షెడ్యూల్డ్ తెగ వాళ్లు. అందుకే ఈ కుక్క చరిత్ర మన గ్రూపులో చెప్పుకోవాలి అనిపించింది. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

గద్దీలు ఎవరు?

చంబా జిల్లాలోని భర్మౌర్ ప్రాంతం వాళ్ల మూలస్థానం. దాన్ని గద్దేరన్ అంటారు, అంటే గద్దీల నేల. చంబా రాజ్యానికి పాత రాజధాని కూడా భర్మౌరే. పదో శతాబ్దంలో సాహిల్ వర్మన్ అనే రాజు రాజధానిని ఇప్పటి చంబా పట్టణానికి మార్చాడు. ధౌలాధార్ పర్వతాలకు ఇటు పక్క కాంగ్రా జిల్లాలో కూడా గద్దీ ఊళ్లు చాలా ఉన్నాయి.

వాళ్ల బతుకంతా నడకే. చలికాలంలో జీవాలను కాంగ్రా వైపు కింది కొండలకి తోలుకుపోతారు. ఎండలు ముదిరేసరికి మళ్లీ పైకి. వానాకాలానికి ధౌలాధార్, పీర్ పంజాల్ కనుమలు దాటి లాహౌల్ గడ్డి భూములకు చేరతారు. వాళ్లు దాటే కుగ్తి కనుమ ఎత్తు 5000 మీటర్ల పైమాటే. మన పాడేరు, అరకు వైపు ఎంత ఎత్తైన కొండైనా 1700 మీటర్లు దాటదు, దాన్ని బట్టి ఊహించుకోండి. ఒంటి మీద చోళా అనే ఉన్ని అంగరఖా, నడుముకి డోరా అనే నల్ల ఉన్ని తాడు చుట్లు చుట్లుగా. దారిలో గొర్రె ఈనితే ఆ పిల్లని చోళాలోనే పెట్టుకుని నడుస్తారు.

ఇంకో విషయం మనవాళ్లకి చెప్పగానే అర్థమవుతుంది. భర్మౌర్ గద్దీలకి ఎస్టీ గుర్తింపు ఉంది. అదే తెగ, అదే భాష అయినా కాంగ్రా గద్దీలకి లేదు. 1966లో పంజాబ్ నుంచి విడదీసి హిమాచల్‌లో కలిపిన ప్రాంతం కాబట్టి వాళ్లని లిస్టులో పక్కన పెట్టారు. 2002 సవరణ చట్టం వచ్చాకే వాళ్లకి గుర్తింపు దొరికింది. గొర్రెల మంద ఏటా దాటే కొండని సర్టిఫికెట్ దాటడానికి 36 ఏళ్లు పట్టింది.

కుక్క ఎలా తయారైంది?

ఈ కుక్కకి వంశవృక్షం పుస్తకం లేదు. హిమాలయాల పొడవునా ఇలాంటి పెద్ద కాపలా కుక్కలు కనిపిస్తాయి. జమ్మూ కశ్మీర్‌లో బకర్వాల్ తెగ వాళ్ల బకర్వాల్ కుక్క, ఉత్తరాఖండ్‌లో భోటియాల భోటియా కుక్క, అవతల టిబెటన్ మాస్టిఫ్. చూడగానే చుట్టాలని తెలిసిపోతుంది. పెద్ద తల, బలమైన మెడ, దట్టమైన బొచ్చు. గద్ది ఎక్కువగా నల్లగా ఉంటుంది, ఛాతీ మీదో కాళ్ల చివరో తెలుపు. బరువు 35 నుంచి 45 కిలోల దాకా తూగుతుంది.

పేర్లు చూశారా, మూడింటికి తెగల పేర్లే. ఎందుకంటే వీటిని తయారు చేసింది వాళ్లే. పద్ధతి ఏంటంటే ఎంపిక. చిరుత వాసన రాగానే కాపరి కాళ్ల మధ్యకి దూరే కుక్క పిల్లల్ని ఎవరూ అడిగి తీసుకోరు. గొర్రెపిల్లని కొరికిన కుక్కని మందలో ఉంచరు. మంచులో నడవలేనిది కనుమ దాటలేదు. చీకట్లో ఒంటరిగా ఎలుగుబంటికి ఎదురు నిలిచిన కుక్కకి పిల్లలు పుడితే మాత్రం పక్క మంద వాళ్లు కూడా వచ్చి అడుగుతారు. ఇలా తరతరాలు జరిగితే దాన్నే చదువుకున్న వాళ్లు బ్రీడింగ్ అంటారు. కాపరి దానికి పేరేం పెట్టకుండానే చేశాడు.

ఇక్కడ ముధోల్ హౌండ్ సంగతి గుర్తు చేసుకోవాలి. కర్ణాటకలోని ముధోల్ సంస్థానం రాజు మాలోజీరావు ఘోర్పడే (1884–1937) ఆ జాతిని కాపాడాడని అన్ని చోట్లా రాస్తారు. ఆయన చేసిన పని మంచిదే. కానీ ఆ కుక్కలతో వేటాడుతున్న బేడ జనాన్ని చూశాకే ఆయన కన్ను వాటి మీద పడిందని కూడా అదే చరిత్ర చెబుతుంది. కుక్క పేరులో సంస్థానం మిగిలింది, బేడ వాళ్లు మిగల్లేదు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. వాటిలో ఒకటి హిమాలయన్ షీప్ డాగ్. అంటే కొండ పేరుంది, గొర్రె పేరుంది, కాపరి పేరు లేదు. 2025 రిజిస్టర్‌లో తెగ పేరే ఎక్కడం అందుకే చిన్న విషయం కాదు.

స్వభావం

మందని మలిపే కుక్క వేరు, మందని కాసే కుక్క వేరు. సినిమాల్లో గొర్రెల చుట్టూ పరిగెత్తి ఒక చోటికి చేర్చేది మొదటి రకం. గద్ది రెండో రకం. పగలు మంద మధ్యలో బద్ధకంగా పడుకుని ఉంటుంది, ఇదేం కాపలా కుక్క అనిపిస్తుంది. దాని డ్యూటీ రాత్రి. అలికిడి వినగానే ముందు మొరుగుతుంది, తర్వాత మందకీ ప్రమాదానికీ మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. చాలాసార్లు అంతటితోనే చిరుత వెనక్కి పోతుంది. అసలు పోట్లాట ఆఖరి మార్గం. దానికి కూడా కాపరి ముందే సిద్ధం చేసి ఉంచుతాడు. చిరుత ముందు గొంతే పట్టుకుంటుంది కాబట్టి కుక్క మెడకి ఇనుప మేకుల పట్టెడ కడతాడు.

ఈ కుక్క మనం చెప్పిన ప్రతి మాటా వినదు. కాపరి నిద్రపోతున్నప్పుడు నిర్ణయం తనే తీసుకోవాలి, అందుకే సొంత బుద్ధి ఎక్కువ. కొత్తవాళ్లని అంత తొందరగా నమ్మదు. తన మందలోని కుంటి గొర్రెతో మాత్రం పసిపాపతో ఉన్నట్టు ఉంటుంది. ఇది రక్తంలో కొంత, పెంపకంలో కొంత. కళ్లు తెరిచిన కొద్ది రోజుల నుంచే పిల్ల జీవాల మధ్య పెరగాలి. మొదటి మూడు నాలుగు నెలల్లో ఎవరి మధ్య పెరిగితే వాళ్లే తన వాళ్లు. 1970ల చివర్లో అమెరికాలో రేమండ్ కాపింగర్, లోర్నా కాపింగర్ అనే శాస్త్రవేత్తలు మంద కాపలా కుక్కల మీద ఏళ్ల తరబడి పని చేసి, మంచి కుక్కకి మూడు లక్షణాలు ఉండాలన్నారు: మందని వదలకపోవడం, మందకి హాని చేయకపోవడం, మందని కాపాడడం. కాపరి పిల్లల్ని ఏరుకునేటప్పుడు చూసేది కూడా ఇవే.

పెంపకం

ఫొటో చూసి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచుదామని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అది రెండు పొరల బొచ్చు. పైది మంచు, వాన ఆపుతుంది, లోపలిది వేడి పట్టి ఉంచుతుంది. మన మే నెల దానికి నరకం. గొలుసు కట్టి గేటు దగ్గర పడేస్తే కాపలా బుద్ధి కాస్తా కరిచే బుద్ధి అవుతుంది.

ఇలాంటి పెద్ద కుక్కలు ఎక్కడున్నా కొన్ని జాగ్రత్తలు ఒకటే. పిల్లని ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీయకూడదు. ఎముకలు గట్టిపడడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది, త్వరగా లావెక్కాలని విపరీతంగా మేపితే కీళ్లు పాడవుతాయి. ఒకేసారి కడుపు నిండా పెట్టి వెంటనే పరిగెత్తిస్తే పొట్ట మెలిపడి ప్రాణం పోవచ్చు, కాబట్టి రెండు పూటలు పంచి పెట్టాలి. బొచ్చు గొరగకూడదు, దువ్వాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత ప్రతి ఏడాదీ. డిస్టెంపర్, పార్వో టీకాలు కూడా తప్పనిసరి. డిస్టెంపర్ కుక్క నుంచి అడవి జంతువులకి కూడా పాకుతుంది. కొండ మీద తిరిగే మందకి పశువుల డాక్టర్ దగ్గరలో ఉండడు కాబట్టి, టీకా కార్యక్రమం మంద కింద ఉన్న చలికాలంలోనే జరగాలి.

దారి పోతే కుక్క పోతుంది

రిజిస్టర్‌లో పేరు ఎక్కినంత మాత్రాన జాతి బతకదు. గద్ది కుక్క బతికేది మంద వెంట, మంద బతికేది మేత దారి మీద. ఆ దారికి కష్టాలు కొత్తగా రాలేదు. 1864లో చంబా రాజు తన అడవుల్ని బ్రిటిష్ వాళ్లకి లీజుకిచ్చాడు. 1878 అటవీ చట్టంతో మేత మీద ఆంక్షలు బిగిశాయి. జీవాల తలకింత అని తిర్ని అనే పన్ను కట్టించుకున్నారు. తిర్ని అంటే మన పుల్లరి. మేత పన్ను ఎలాంటిదో కొమరం భీమ్ పోరాటం చదివిన మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పర్మిట్లు, కంచె వేసిన ప్లాంటేషన్లు, రోడ్లు, రావి నది మీద జల విద్యుత్ ప్రాజెక్టులు. చదువుకున్న గద్దీ పిల్లలు మంద వెంట వెళ్లడం తగ్గిపోతోంది. వాళ్లని తప్పు పట్టలేం, మనం కూడా చదువుకోడానికే కదా హాస్టళ్లకి వచ్చింది. కానీ మందలు తగ్గితే కుక్కకి పని ఉండదు. పని లేని కుక్క ఊళ్లో మిగతా కుక్కలతో కలిసిపోతుంది, నాలుగైదు తరాల్లో జాతి మాయం.

డబ్బున్నవాళ్లు కొనుక్కుంటే బతుకుతుంది కదా అనొచ్చు. చైనాలో టిబెటన్ మాస్టిఫ్‌కి అదే జరిగింది. 2011లో ఒక కుక్క కోటి యువాన్లు పలికింది. తర్వాత మోజు తీరింది, ధర పడిపోయింది, టిబెట్ పీఠభూమి మీద వదిలేసిన కుక్కలు గుంపులుగా తిరగడం మొదలైంది. పశువుల్ని కాయడానికి పుట్టిన కుక్కే పశువుల మీద పడింది.

మనం చేయగలిగింది

అటవీ హక్కుల చట్టం 2006 అంటే మనకి పోడు పట్టానే గుర్తొస్తుంది. అందులో సెక్షన్ 3(1)(డి) చూడండి. వలస కాపరులతో సహా మేత హక్కు అందులో ఉంది. 3(1)(కె)లో జీవ వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి హక్కు ఉంది. జీవ వైవిధ్య చట్టం 2002 ప్రకారం పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, స్థానిక పశు జాతుల గురించి కూడా రిజిస్టర్ రాయాలి. అమ్రాబాద్ నల్లమలలో లంబాడా కుటుంబాలు కూడా మేపుకుంటూ వచ్చిన పొడ తూర్పు పశువులు ఇప్పటికే జాతీయ రిజిస్టర్‌లో చేరాయి. అంటే దారి ఉంది, నడవాల్సింది మనం.

సెలవులకి ఊరెళ్లినప్పుడు తాతని కూర్చోబెట్టి అడగండి. మన పెంటలో, తండాలో, గూడెంలో వెనకట ఎలాంటి కుక్కలుండేవి? పిల్లల్ని ఏం చూసి ఏరుకునేవాళ్లు? పులి వస్తే ఏం చేసేవి? ఏ ఊరి నుంచి తెచ్చేవాళ్లు? పశువులు ఏ దారిన పోయేవి, ఆ దారి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? తాత చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి. ఆ కాగితం గ్రామ సభలో పెట్టండి.

గద్దీ అన్నలకి, వాళ్ల కుక్కలకి జోహార్లు.