అడగని ఉత్తరం: తపాలా చట్టం, గొలుసు లేఖ, ఫలశ్రుతి

లేఖా సాహిత్య పరిశీలనలో మన దృష్టి సాధారణంగా ఉత్తరం రాసినవారిమీద నిలుస్తుంది. అందుకున్నవారు, అందులోనూ కోరకుండానే అందుకున్నవారు, చర్చలోకి రావడం అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు ఇళ్లకు చేరిన ఇటువంటి ఉత్తరాలలో రెండు రకాలు ముఖ్యమైనవి. ఒకటి దేవుని మహిమ చెప్పి నకళ్లు రాసి పంపమనే గొలుసు లేఖ. రెండవది విరాళం కోరే విజ్ఞప్తి. ఈ రెండింటి బలం తపాలా సౌకర్యం నుండి ఎంత వచ్చిందో, మన కథన సంప్రదాయం నుండి కూడా అంతే వచ్చిందని, తపాలా చట్టం వీటి ముందు నిస్సహాయంగా మిగలడానికి కారణం కూడా అదేనని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

భారం ఎవరిది?

ముందు తపాలా సంగతి. బ్రిటన్‌లో 1840 సంస్కరణకు పూర్వం ఉత్తరం ఖర్చును ఎక్కువగా అందుకున్నవారే భరించేవారు. మన దేశంలో 1854లో దూరంతో నిమిత్తం లేని ఏకరూప రుసుము, తపాలా బిళ్ళ అమలులోకి వచ్చాయి. పావు తులం ఉత్తరానికి అర్ధణా. బిళ్ళ అంటించని ఉత్తరం మాత్రం రెట్టింపు రుసుముతో ‘బేరింగు’గా అందుకునేవారి గడపకు చేరేది.

1898 నాటి భారతీయ తపాలా చట్టం 11వ సెక్షన్ ఈ చిక్కును నేరుగా పట్టించుకుంది. బాకీ ఉన్న ఉత్తరాన్ని స్వీకరించినవారు రుసుము చెల్లించాలి. తెరవకుండా వెంటనే తిప్పి పంపితే ఆ బాధ్యత ఉండదు. అప్పుడది పంపినవారిమీద పడుతుంది. చిరునామాదారును వేధించాలన్న దురుద్దేశంతో పంపిన ఉత్తరమని ఉన్నత తపాలా అధికారికి తోస్తే రుసుమును మాఫీ చేయవచ్చు. అక్కరలేని ఉత్తరం ఒక వేధింపు కాగలదని చట్టం అప్పుడే గుర్తించిందన్నమాట. అయితే ఆ వేధింపును అది డబ్బుతోనే కొలిచింది.

ఈ కొలతకు అందని వస్తువు అప్పటికే వాడుకలో ఉంది. అది 1879లో కాలణా ధరకు వచ్చిన పోస్టు కార్డు. దాని రుసుము ముందే చెల్లించి ఉంటుంది కనుక అందుకున్నవారికి బాకీ లేదు. కార్డుకు కవరు ఉండదు కనుక ‘తెరవకుండా తిప్పి పంపడం’ అన్న మాటకు అర్థమే లేదు. వద్దనుకునేలోపే కన్ను దానిని చదివేస్తుంది. గొలుసు లేఖకు ఇంతకంటె అనువైన వాహనం లేదు.

కథ ఎక్కడిది?

తెలుగునాట తిరిగిన గొలుసు లేఖల నిర్మాణం అందరికీ పరిచితమే. ఒక క్షేత్రంలో అద్భుతం జరుగుతుంది. తరచుగా అది తిరుమల. సర్పమో వృద్ధుడో అర్చకునికి కనిపించి ఒక మాట చెప్పి అదృశ్యమవుతాడు. ఈ సంగతిని 11 మందికో, 21 మందికో, 108 మందికో నిర్ణీత గడువులో తెలపాలి. తెలిపినవారికి ధనలాభం కలిగింది. చించి పారవేసినవారికి కొడుకు పోయాడు. 1975లో ‘జై సంతోషీ మా’ హిందీ చిత్రం విజయవంతమైన తరువాత సంతోషీమాత పేరిట కూడా ఇటువంటి కార్డులు విరివిగా నడిచాయి.

ఈ చట్రం సత్యనారాయణ వ్రతకథ విన్న ప్రతివారికీ తెలిసినదే. మొక్కును వాయిదా వేసిన వర్తకుడు చెరసాల పాలవుతాడు. భర్తను చూసే తొందరలో కళావతి ప్రసాదం మరచిపోగా నావ మునుగుతుంది. గోపాలకులు పెట్టిన ప్రసాదాన్ని తిరస్కరించిన తుంగధ్వజుడు సంతానాన్నీ సంపదనూ కోల్పోతాడు. ఆచరించినవారికి ఫలం, అలక్ష్యం చేసినవారికి కీడు అనే జంట దృష్టాంతాలను గొలుసు లేఖ ఇక్కడినుండే స్వీకరించింది. గ్రంథానికి నకలు రాయడం పుణ్యకార్యమన్న తాళపత్ర కాలపు భావన కూడా దీనికి తోడైంది.

పోలిక ఎంత దగ్గరగా ఉన్నా భేదం మౌలికమైనది. వ్రతం చేయించుకునేవారు కోరి పీటలమీద కూర్చుంటారు. కథ చెప్పే పురోహితుడు ఎదురుగా ఉంటాడు. తప్పు దిద్దుకునే దారి కథలోనే ఉంది: కళావతి తిరిగి వెళ్లి ప్రసాదం తింటే నావ తేలుతుంది, తుంగధ్వజుడు ప్రసాదం స్వీకరిస్తే పోయినవన్నీ దక్కుతాయి. గొలుసు లేఖకు సంతకం ఉండదు, విన్నవించుకోవడానికి మనిషి ఉండడు. దిద్దుబాటుకు ఒకే దారి, నకళ్లు పంపడం. అంటే ఫలశ్రుతి కథ చివరినుండి కదిలి కథను మింగేసింది. లేఖలో మిగిలింది ఆజ్ఞ మాత్రమే.

దానశాసనాలలోని శాపోక్తులతో పోల్చినప్పుడు ఈ మార్పు మరింత స్పష్టమవుతుంది. తెలుగు శాసనాల చివర దత్తభూమిని అపహరించినవారికి నరకం తప్పదన్న హెచ్చరిక పరిపాటి. ఆ శాపం ఇచ్చిన దానాన్ని కాపాడుతుంది, ఇవ్వనివారిని శపించదు. గొలుసు లేఖలోని శాపం ఏ బాధ్యతా స్వీకరించని మనిషిమీద పడుతుంది. రక్షణ కోసం పుట్టిన శాపం ఇక్కడ వసూలు సాధనమైంది.

యాచకుడు కనబడని యాచన

విరాళాల విజ్ఞప్తి గొలుసు లేఖ అంత కఠినమైనది కాదు. 1880లో మనియార్డరు రావడంతో దూరంనుండి అడగడానికీ దూరానికి ఇవ్వడానికీ మార్గం ఏర్పడింది. నిజమైన అవసరాలకు ఈ మార్గం చేసిన మేలు తక్కువది కాదు. కాని విజ్ఞప్తితో పాటు దేవుని పటమో, కుంకుమ పొట్లమో, అక్షతలో వచ్చినప్పుడు పరిస్థితి మారుతుంది. కాగితాన్ని చించవచ్చు, పటాన్ని చెత్తలో వేయడానికి చేయి రాదు. అడగకుండా వచ్చిన కానుక అందుకున్నవారిని ఋణగ్రస్తులను చేస్తుంది. శాపం మాటల్లో లేకపోయినా వస్తువులో ఇమిడి ఉంటుంది.

వామనుని ఎదుట బలి చక్రవర్తికి ఈ ఇబ్బంది లేదు. అడిగేవాడు కళ్లెదుట ఉన్నాడు. అతడెవరో చెప్పి, ఇవ్వవద్దనే గురువు పక్కనే ఉన్నాడు. శుక్రుని మాటను కాదన్నా, కాదనగల స్థితిలో ఉండి ఇచ్చాడు కనుకనే అది దానమైంది. నిరాకరించే వీలు లేని చోట ఇచ్చినది దానం కాదు, చెల్లింపు.

చట్టం ఆగిన చోటు

తరువాతి చట్టాలు కూడా ఈ అంచుదాకా వచ్చి ఆగాయి. ధన చలామణి పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. దానితో డబ్బు గొలుసు నేరమైంది. భయం గొలుసు దాని పరిధిలోకి రాలేదు. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ చేసిన నిబంధనలు వినియోగదారు కోరని వాణిజ్య సందేశాలకు వర్తిస్తాయి. బంధువు పంపిన మహిమ సందేశానికి కాదు. అదే సంవత్సరం వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా పరిమితి విధించింది. 11 మందికి పంపమన్న పాత ఆజ్ఞకు అది యాదృచ్ఛికంగా అడ్డు కట్టింది గాని, పంపాలనిపించే భయాన్ని తాకలేదు. 1898 చట్టం స్థానంలో 2023లో కొత్త తపాలా చట్టం కూడా వచ్చింది. ఎన్ని చట్టాలు మారినా ఆ భయం చిరునామాదారు మనసులోనే పరిష్కారం కావలసి ఉంది.

ఆ పరిష్కారానికి సాహిత్య పరిశోధన చేయగల సాయం ఉంది. ఈ లేఖలను మూఢత్వమని తోసివేయడం వల్ల అవి ఆగలేదు. వాటి నిర్మాణాన్ని విప్పి చూపడం అవసరం. కళావతి కథ తెలిసిన శ్రోతకు, ఆ కథలో ఉన్న క్షమ ఈ కార్డులో లేదని చూపగలిగితే, సంప్రదాయం పేరిట వచ్చిన బెదిరింపును సంప్రదాయంతోనే తిరస్కరించే ధైర్యం కలుగుతుంది. అందుకు ముందుగా ఈ కార్డులు, కరపత్రాలు మనకు దొరకాలి. భయపడినవారు వాటిని నకలు చేసి సాగనంపారు, భయపడనివారు చించివేశారు. ఇళ్లలోని పాత ఉత్తరాల తీగలకు మిగిలినవాటినైనా జానపద సామగ్రిగా సేకరించి, పాఠభేదాలతో భద్రపరచడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.